దురద ఒకవైపు, లింఫోసైట్ల లెక్క ఒకవైపు

(గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆదివారం ఉదయం జరిగిన ఆరోగ్య సభలో ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచాం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటినీ ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, కాగితాలు నిలవడం లేదు.

ప్రశ్నలు ముందే చీటీల మీద రాయించి ఇచ్చారు. ఒకటి చదువుతాను. పేరు రాయలేదు, మంచి పని చేశారు. "మా అబ్బాయికి ఏడాది పైగా ఒళ్లంతా దురద. రక్తపరీక్షలో లింఫోసైట్లు తక్కువున్నాయన్నారు. హెచ్‌ఐవీ లేదు. ఎందుకు తగ్గాయో తెలియదన్నారు. ఈ రెండూ ఒకటే జబ్బా? ఇమ్యూనిటీ పెరగడానికి ఏం పెట్టాలి?" ఇవాళ నేను మాట్లాడదామనుకున్నదంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. ఆఖరి ప్రశ్నకు మాత్రం జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. ఏమీ పెట్టక్కర్లేదమ్మా, మామూలు తిండి పెట్టండి చాలు. ఎందుకో మెల్లగా చెప్తాను.

ముందు ఆ రిపోర్టు ఎలా చదవాలో చూద్దాం. సీబీపీ అని రక్తకణాల లెక్క పరీక్ష రాసిస్తాం కదా, అందులో లింఫోసైట్ల పక్కన, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాల పక్కన, ఒక శాతం ఉంటుంది. 20 నుంచి 40 దాకా మామూలు అని ముద్రించి ఉంటుంది. మీకు 18 వచ్చిందనుకోండి, పక్కన ఎర్రగా ఒక గుర్తు పడుతుంది. దాంతో ఇంట్లో టెన్షన్ మొదలు. కానీ శాతం చూసి ఏమీ చెప్పలేం. పైన మొత్తం తెల్లకణాలు ఎన్నో ఉంటుంది, దాన్నీ దీన్నీ హెచ్చవేయాలి. మొత్తం 11,000 ఉండి, అందులో 18 శాతం అంటే 1,980. అది నిక్షేపంలాంటి లెక్క. ఏదో చీముగడ్డ వల్లో జ్వరం వల్లో వేరే రకం కణాలు పెరిగాయి, వీటి వాటా తగ్గినట్టు కనబడింది, అంతే. అదే మొత్తం 5,200 ఉండి 14 శాతం అయితే 728. పెద్దవాళ్లలో 1,000 కంటే తగ్గితే నిజంగా తగ్గినట్టు. నా దగ్గరికి "లింఫోసైట్లు పడిపోయాయి" అంటూ వచ్చేవాళ్లలో కొందరి టెన్షన్ ఈ హెచ్చవేతతోనే దిగిపోతుంది.

రెండో సంగతి. ఈ 728 అనేది రక్తంలో తిరుగుతున్న కణాల లెక్క. ఒంట్లో ఉన్న లింఫోసైట్లలో రక్తంలో కనబడేవి ఏ రెండు శాతమో. మిగతావన్నీ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల్లో, ఎముక మూలుగలో, చర్మంలో ఉంటాయి. లింఫోసైట్లలో ఒక రకమైన టీ కణాలనే తీసుకుంటే, రక్తం మొత్తంలో ఉన్నవాటికి దాదాపు రెట్టింపు ఒక్క చర్మంలోనే కాపురం ఉంటాయి. విజయవాడ నెహ్రూ బస్ స్టేషన్లో నిలబడి ప్లాట్‌ఫారాల మీద జనాన్ని లెక్కపెట్టి ఊరి జనాభా ఇంత అని తేల్చినట్టుంటుంది ఈ పరీక్ష. పండగ ముందు ఒక లెక్క వస్తుంది, బస్సులు కదిలిపోయాక ఒక లెక్క వస్తుంది. ఊళ్లో మనుషులు ఎక్కడికీ పోలేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ బస్సుల్ని ఒక్కసారిగా కదిలించే మందు ఒకటుంది, స్టెరాయిడ్. ప్రెడ్నిసలోన్ లాంటి మాత్ర వేసుకుంటే నాలుగైదు గంటల్లో రక్తంలోని లింఫోసైట్లు సగానికి సగం కూడా తగ్గిపోవచ్చు. చాలావరకు చచ్చిపోవు, మూలుగలోకీ గ్రంథుల్లోకీ సర్దుకుంటాయి. ఒక్క మోతాదే అయితే మర్నాటికి తిరిగొస్తాయి. రోజూ వాడేవాళ్లలో తక్కువగానే ఉండిపోవచ్చు.

ఇప్పుడు ఏడాదిగా దురదతో ఉన్న మనిషి ఏం చేస్తాడో చూడండి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు. ఆయన ఒక సూది వేస్తాడు. దురద మంత్రం వేసినట్టు పోతుంది. మూడు, నాలుగు వారాలకు మళ్లీ మొదలవుతుంది. మళ్లీ సూది. ఆ నెలరోజుల సూది దాదాపు ఎప్పుడూ స్టెరాయిడే, ఒంట్లో నిదానంగా కరిగే రకం. దాని పేరు చీటీ మీద ఉండదు, మనిషికి తెలియదు. "ఏం మందులు వాడారు?" అంటే "ఏం వాడలేదండీ, అలర్జీ సూది ఒక్కటే" అంటాడు. ఆ తర్వాత ఎవరో రక్తపరీక్ష చేయిస్తారు. లింఫోసైట్లు తక్కువ. "అయితే నా దురదకు కారణం ఇదన్నమాట, రోగనిరోధక శక్తి పోయింది" అనుకుంటాడు. అసలు జరిగింది ఏమిటి? దురద వచ్చింది, దురదకు మందు పడింది, మందు వల్ల లెక్క తగ్గింది. ఈయన కథను తోక నుంచి తల దాకా చదివాడు.

అందుకని లెక్క తగ్గిందని వినగానే దురదకు మూలం దొరికిందని సంబరపడకండి, భయపడనూ వద్దు. ఆ రెండిటి మధ్యలో ఏ మందు దూరిందో ముందు తవ్వి చూడాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను ఖాళీ ట్యూబులు, మాత్రల అట్టలు, సూది మందు బుడ్డీలు అన్నీ సంచిలో వేసి తెమ్మంటాను. ఆ సంచిలో సగం జబ్బు ఉంటుంది.

(నవ్వులు)

నవ్వులాట కాదండీ. తామరకు పూసే మూడు మందుల కలగలుపు ట్యూబులో కూడా స్టెరాయిడే ఉంటుంది. రాయగానే చల్లగా ఉంటుంది, ఎరుపు తగ్గుతుంది, కింద ఫంగస్ హాయిగా పాకుతుంది. ఉంగరంలా గుండ్రంగా ఉండాల్సిన తామర గీతలు గీతలుగా, రూపం చెడి, నడుము నుంచి వీపు దాకా వస్తుంది. చర్మవైద్యుల సంఘం గొడవ పెట్టాక 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. ఏ మెడికల్ షాపులో అడుగుతున్నారో నాకు మాత్రం కనబడలేదు.

సరే, ఇప్పుడు గజ్జి గురించి. ముఖం అలా పెట్టకండి, పెద్ద ఇళ్లల్లోనూ వస్తుంది, హాస్టల్ నుంచి పిల్లలతోపాటు వస్తుంది. దీన్ని ఎందుకు ఎత్తానంటే, దురదకూ రోగనిరోధక కణాలకూ ఉన్న సంబంధం దీనిలో కనబడినంత బాగా మరెక్కడా కనబడదు. కంటికి ఆనీ ఆనని చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మొదటిసారి అంటుకున్నప్పుడు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే ఉండదు. పురుగు లోపల ఉంది, తవ్వుతోంది, మనకు తెలియదు. మన కణాలు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాకే దురద మొదలవుతుంది. అదే మనిషికి రెండోసారి అంటితే ఒకటి రెండు రోజుల్లోనే గోకుడు. అంటే దురద పెట్టేది పురుగు కాదు, పురుగు మీద మన కణాలు చేసే యుద్ధం. మామూలు మనిషి ఒంటి మీద పదీ పదిహేను పురుగులకు మించి ఉండవు, ఎందుకంటే గోకి గోకి చంపుతాం, కణాలూ అదుపులో పెడతాయి. అదే రోగనిరోధక శక్తి నిజంగా దెబ్బతిన్న మనిషికి వస్తే, వేళ్ల మధ్యా మోచేతుల మీదా బూడిద రంగు పొట్టు అట్టలు కడుతుంది. ఆ పొట్టులో పురుగులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. కొందరికి దురద చాలా తక్కువ. చిత్రం చూశారా? కణాలు బాగున్న మనిషి పది పురుగులకు నిద్రపోడు. కణాలు తగ్గిన మనిషి లక్ష పురుగులతో పెద్దగా గోక్కోడు. పక్కన కూర్చున్న వాళ్లందరికీ మాత్రం అంటిస్తాడు.

రాత్రిపూట ఎక్కువయ్యే దురద, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే, ముందు గజ్జే అనుకోండి. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ల కింద, బొడ్డులో, వేళ్ల సందుల్లో, ఒక్క చోటు వదలకుండా రాత్రి రాసి పొద్దున స్నానం చేయాలి. వారానికి మళ్లీ ఒకసారి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, దురద లేనివాళ్లు కూడా. చంటిపిల్లలకీ గర్భిణులకీ మాత్రం డాక్టర్ని అడిగి రాయండి. పురుగు చచ్చాక కూడా రెండు, నాలుగు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదని సూదికి పరుగెత్తకండి.

మరి కణాలు తగ్గితే దురద తగ్గాలి కదా, హెచ్‌ఐవీ వాళ్లకు దురద ఎందుకు ఎక్కువంటారు అని ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. రోగనిరోధక కణాలన్నీ ఒకే పని చేయవు. కొన్ని కొడతాయి, కొన్ని కొట్టేవాటిని ఆపుతాయి, కొన్ని అలర్జీ దారి పట్టిస్తాయి. టీ కణాల్లో సీడీ4 అనే రకం తగ్గినప్పుడు అన్నీ ఒకే కొలతలో తగ్గవు. మిగిలినవి అలర్జీ వైపు ఒరుగుతాయి. హెచ్‌ఐవీ ముదిరి సీడీ4 లెక్క 200 దగ్గరికి దిగినవాళ్లకు చేతుల మీదా కాళ్ల మీదా విపరీతంగా దురదపెట్టే గట్టి పొక్కులు వస్తాయి. ఉగాండాలో రోగుల పొక్కులు కోసి పరీక్షించిన డాక్టర్లు అవి చాలావరకు దోమలు, చీమల్లాంటి పురుగుల కాటుకు ఒళ్లు చేసే అతి స్పందన అని తేల్చారు. కాటు మామూలుదే, స్పందనే మితిమీరింది. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టి సీడీ4 పెరిగేకొద్దీ ఆ పొక్కులు తగ్గుతాయి.

కాబట్టి నిజంగా తగ్గిన లెక్కా, మానని దురదా కలిసి ఉంటే హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. మొహమాటం వద్దు. ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు, మీ అంగీకారం తీసుకునే చేయాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి. 2017లో చేసిన చట్టం అదే చెప్తుంది. సందేహాలుంటే 1097 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఒకసారి లేదని వచ్చినా, అనుమానించదగ్గ సంఘటన ఈమధ్యే జరిగి ఉంటే మూడు నెలలు నిండాక మళ్లీ చేయించాలి.

హెచ్‌ఐవీ కాదు, స్టెరాయిడ్ కాదు అంటే, రెండూ ఒకే వేరు నుంచి పుట్టే జబ్బులు కొన్ని ఉన్నాయి. కిడ్నీలు పాడైతే దురదా వస్తుంది, లింఫోసైట్లూ తగ్గుతాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్‌లో కూడా అంతే. చర్మం మీద ఏమీ కనబడదు, గోకిన గీతలు తప్ప. మెడలోనో చంకలోనో నొప్పి లేని గడ్డ, సాయంత్రాలు జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా చర్మం డాక్టరు దగ్గర ఆగకండి. టీబీలో కూడా సీడీ4 తగ్గుతుంది, మందులు వాడితే పెరుగుతుంది. డెంగీ, కోవిడ్ లాంటివి వచ్చి వెళ్లిన వారాల్లో తగ్గుతాయి. రోజూ తాగేవాళ్లలో తగ్గుతాయి. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ లాంటి మందులతోనూ తగ్గుతాయి.

ఇవన్నీ దాటాక, ఇంకా కారణం దొరక్కపోతే, అప్పుడు ఆ చీటీలో రాసిన "ఎందుకో తెలియదు" అన్న మాట వాడొచ్చు. దానికి వైద్యంలో ఒక చరిత్ర ఉంది. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు జరిగింది. హెచ్‌ఐవీ లేకుండానే సీడీ4 కణాలు బాగా పడిపోయిన మనుషులు ఉన్నారని అక్కడ బయటికొచ్చింది. పత్రికలు హోరెత్తాయి, హెచ్‌ఐవీకి దొరకని కొత్త ఎయిడ్స్ వైరస్ పుట్టిందేమోనని. అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వాళ్లు అలాంటివాళ్లను వెతికి, భార్యాభర్తలనూ దగ్గరివాళ్లనూ పరీక్షించారు. అంటుకునే వైరస్ ఏదీ దొరకలేదు. 1993కల్లా ఆ గోల సద్దుమణిగింది, జబ్బుకు మాత్రం ఇడియోపతిక్ సీడీ4 లింఫోసైటోపీనియా, అంటే కారణం తెలియకుండా సీడీ4 తగ్గడం అని పేరు మిగిలింది. ఇది అంటువ్యాధి కాదు. కంచం, గ్లాసు వేరు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ఆ పేరు పెట్టాలంటే షరతులున్నాయి. మామూలుగా 500 నుంచి 1,500 దాకా ఉండే సీడీ4 లెక్క, మైక్రోలీటరు రక్తంలో 300 కన్నా తక్కువ ఉండాలి, లేదా టీ కణాల్లో 20 శాతం కన్నా తక్కువ ఉండాలి. ఒకసారి చూస్తే చాలదు, కనీసం ఆరు వారాల ఎడంతో మళ్లీ చూడాలి. హెచ్‌ఐవీ ఉండకూడదు, దీనికి దారితీసే వేరే జబ్బూ మందూ ఉండకూడదు. సీడీ4 పొద్దున తక్కువగా, రాత్రికి ఎక్కువగా ఉంటుంది. అందుకని రెండోసారి కూడా అదే ల్యాబులో, అదే వేళకు ఇవ్వండి. జ్వరం ఉన్న రోజున ఇవ్వకండి.

ఇంత వడగట్టాక మిగిలేవాళ్లు చాలా అరుదు. అమెరికాలోని ఎన్‌ఐహెచ్ అనే వైద్య పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి గాలించి 91 మందిని గమనించి 2023లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో ఎక్కువగా కనబడింది దురద కాదు. పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వైరస్ జబ్బులూ, మెదడుకు పాకే క్రిప్టోకాకస్ ఫంగసూ. అంటే చర్మం మీద నేను వెతకాల్సింది ఏమిటి? వందల్లో పులిపిర్లు, ఎంత కాల్చినా మళ్లీ వచ్చేవి. మాటిమాటికీ వచ్చే అక్కి. పెద్దవాళ్లలో ముత్యాల్లాంటి మొలస్కం పొక్కులు. ఇవి లేకుండా వట్టి దురదే ఉంటే, ఈ జబ్బు అనే అనుమానం నాకు బాగా సన్నగిల్లుతుంది. వాళ్లలో కొందరికి ఎగ్జిమా, సోరియాసిస్ కూడా ఉండొచ్చు, అలాంటివాళ్లు ఉన్నారు కూడా. అయినా ఆ దురదకు వైద్యం దురదకే చేయాలి. సీడీ4ను పెంచే నమ్మకమైన మందు ఇప్పటికి లేదు. వచ్చిన ఇన్ఫెక్షన్‌కు చికిత్స, లెక్క 200 కిందికి పోతే న్యుమోనియా రాకుండా మందు, క్రమం తప్పని చెకప్‌లు, అంతే. కొందరిలో లెక్క దానంతటదే మామూలు అవుతుంది.

ఒక మాత్ర గురించి హెచ్చరిక. ఎగ్జిమాకు, బొల్లికి టోఫాసిటినిబ్ ఇప్పుడు చవకగా దొరుకుతోంది. దురద మీద బాగా పనిచేస్తుంది, నేనూ రాస్తాను. కానీ అది రోగనిరోధక శక్తిని అణిచే మందు. లింఫోసైట్లు 500 కన్నా తక్కువుంటే మొదలుపెట్టకూడదు, టీబీ పరీక్ష చేయకుండా అసలు మొదలుపెట్టకూడదు. పక్కింటావిడకు తగ్గిందని ఆ అట్ట ఫొటో చూపించి కొనుక్కోకండి.

పిల్లల విషయం వేరు. నెలల వయసులోనే మొదలై దేనికీ లొంగని ఎగ్జిమా, దాంతోపాటు చెవిలో చీము, న్యుమోనియా, చీముగడ్డలు మళ్లీ మళ్లీ వస్తుంటే, అది పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. మగపిల్లాడు, ఎగ్జిమాతోపాటు ఒంటి మీద ఎర్ర చుక్కలు, ప్లేట్‌లెట్లు తక్కువ అంటే విస్కాట్ ఆల్డ్రిచ్ అనే జబ్బును తలుచుకోవాలి. మేనమామ కూతురు, అక్క కూతురు సంబంధాల్లో పుట్టిన పిల్లల్లో డాక్-8 అనే జన్యువు లోపం లాంటివి వచ్చే అవకాశం ఎక్కువ. ఎగ్జిమా, అలర్జీలు, పులిపిర్లు, టీ కణాలు తగ్గడం, నాలుగూ ఆ ఒక్క లోపంలోనే ఉంటాయి. దాని జన్యువు ఏదో 2009లోనే తేలింది. మనవైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి, ఆ ప్రశ్న నేను తప్పకుండా అడుగుతాను. ఎవరి పెంపకాన్నీ తప్పుపట్టడానికి కాదు, మూలుగ మార్పిడితో నయం చేయగల జబ్బును వదులుకోకూడదని.

ఇక అడగండి. అదిగో, ఆ బాబాయి గారు.

"అమ్మా, నేను మిర్చి యార్డులో పనిచేశాను. ఆ ఘాటుకు ఒళ్లు మండేది, దురదపెట్టేది. దానివల్ల ఇమ్యూనిటీ పడిపోతుందా?"

పడిపోదు బాబాయి గారూ. మిరపలో క్యాప్సైసిన్ అనే పదార్థం ఉంటుంది. చర్మం కింద నరాల చివర టీఆర్‌పీవీ1 అని ఒక ద్వారం ఉంటుంది, వేడి తగిలినా అదే తెరుచుకుంటుంది, మిరప తగిలినా అదే. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కొన్ని రకాల దురద కూడా ఆ నరాల మీదుగానే మెదడుకు పోతుంది. మీకు తగిలింది నరాలకు, కణాలకు కాదు. ఇంకో తమాషా, కొద్దిపాటి క్యాప్సైసిన్ కలిపిన క్రీము కొన్ని మొండి దురదలకు మేమే రాస్తాం, రాసేకొద్దీ ఆ నరం మొద్దుబారుతుంది. అలాగని కారం నూరి పూసుకునేరు!

(నవ్వులు)

"మేడం, వంకాయా గోంగూరా మానేయమన్నారు మా అత్తగారు."

మీకు ఏది తిన్న గంటలోపు దద్దుర్లు లేస్తాయో అది మానేయండి, ప్రతిసారీ లేస్తేనే. మిగతావన్నీ తినండి. పథ్యం పేరుతో నెలల తరబడి చారన్నం తిని ఉన్న ప్రొటీన్ పోగొట్టుకున్నవాళ్లను చూశాను. తిండి చాలకపోతే లింఫోసైట్లు నిజంగానే తగ్గుతాయి. గోంగూర జోలికి వస్తే మాత్రం గుంటూరులో నన్నెవరూ బతకనివ్వరు.

"ఇందాక ఇమ్యూనిటీకి ఏమీ పెట్టొద్దన్నారు. తిప్పతీగ రసం పొద్దున్నే తాగుతున్నామండీ, అది కూడానా?"

అది ముఖ్యంగా. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తెగ తాగారు కదా, ఆ తర్వాత లివరు దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. కొందరిలో ఒంటి కణాలే లివరు మీద పడ్డాయి. దద్దుర్లు, ఎగ్జిమా ఉన్న మనిషికి కణాలు నిద్రపోవడం కాదు సమస్య, పనిలేని చోట చెలరేగడం. వాటిని ఇంకా రెచ్చగొట్టే మందు మీకెందుకు? పైగా లివరులో పైత్యరసం ఆగిపోతే వచ్చే మొదటి లక్షణాల్లో దురద ఒకటి, అరచేతులూ అరికాళ్లూ రాత్రిళ్లు మరీ దురదపెడతాయి. ఎన్నాళ్లుగా తాగుతున్నారు? రెండేళ్లా? రేపు పరగడుపున లివరు పనితీరు చూపే ఎల్‌ఎఫ్‌టీ రక్తపరీక్షకు ఇచ్చి రండి, రసం ఇవాళే ఆపేయండి. కళ్లు పచ్చగా అనిపించినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా రేపటిదాకా కూడా ఆగకండి.